కాళ్ళ మేస్త్రీ నోరు

ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టరుకి భయపడనివాళ్ళు ఉన్నారు గానీ, కాళ్ళ మేస్త్రీ నోటికి భయపడనివాళ్ళు లేరు. వెనక వరండా చివర, బట్టలుతికే గది దాటాక ఆయన గది. తలుపు తియ్యగానే జిగురు వాసన ముక్కు పగలగొడుతుంది. గోడ పొడవునా చెక్క అరలు, అరల మీద తెల్లటి ప్లాస్టర్ అచ్చులు, ఎవరెవరివో మొండికాళ్ళవి. ఒక మూల రంపం, ఆకురాయి, అరుగుడు చక్రం. గది మధ్యలో నడుమెత్తున రెండు పొడవాటి ఇనప కమ్మీలు, వాటి కొసన నిలువుటద్దం. కాలు పోయినవాళ్ళు పెట్టుడు కాలు తొడుక్కుని మొదటి అడుగులు వేసేది ఆ కమ్మీల మధ్యే. ఆ కాలు చేసేదీ మేస్త్రీయే, నడిపించేదీ మేస్త్రీయే. నడిపించే పద్ధతి ఏమిటంటే, తిట్టడం.

తిట్టడమంటే ఏదో పెద్దవాళ్ళు మందలించినట్టు కాదు. చెవులు మూసుకోవాల్సిన తిట్లు. "లేవరా పీనుగా, నీ కాలు కోసి పారేశారు గానీ ఏడుపు కొయ్యడం మర్చిపోయారు!" అని ఒక బస్సు కండక్టర్ని తిట్టాడు. బడిలో పాఠాలు చెప్పే పెద్దావిడని "ఒంటికాలి కొంగా" అన్నాడు. వినడానికి ఘోరంగానే ఉంటుంది. కానీ ఆ మొదటి అడుగులో ఎంత నొప్పి ఉంటుందో వేసినవాళ్ళకే తెలుసు. పక్కన ఎవరైనా జాలిగా "మెల్లగా" అంటే చాలు, కాళ్ళు చచ్చుబడి కూర్చుండిపోతారు. అదే తిట్టాడనుకోండి, ఒళ్ళు మండుతుంది. ఈ ముసలాడి దాకా వెళ్ళి పీక పిసికి తీరాలన్న కోపంతో అడుగులు పడతాయి. తీరా పీక అందేసరికి నడక వచ్చేసి ఉంటుంది. ఇది ఏ చదువులో ఉందో తెలియదు. ఆయన గదిలో మాత్రం ఉండేది.

ముప్పావు ఆ గదికి వచ్చినప్పుడు ఇంకా ముప్పావు కాదు. బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి, జనం చూసి వదిలేసిన బట్టలు మడతపెట్టే పిల్ల. బస్సు వెనక చక్రం ఎడమ కాలిని మోకాలి కింద నుంచి పట్టుకుపోయింది. ఇంట్లో అందరూ ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అన్న మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకునేవాడు. వదిన "నీకేం తక్కువ, రాణిలా కూర్చో" అనేది. రాణిలా కూర్చోవడం ఆమెకి బాగా అలవాటైపోతున్న రోజుల్లో మేస్త్రీ చేతికి చిక్కింది.

ఆయన కాలు తొడిగాడు, పట్టీలు బిగించాడు, కమ్మీల మధ్య నిలబెట్టాడు. ఒక్కడుగు వేసేసరికి నరాలు జివ్వుమన్నాయి. "నావల్ల కాదు, కుర్చీ తెండి" అంది.

"మహారాణికి కుర్చీ కావాలా? పల్లకీ కూడా తెప్పించనా? నడవ్వే కుంటిదానా!"

ఆ మాట అంతవరకూ ఆమెని ఎవరూ అనలేదు. అందరి కళ్ళలోనూ కనబడి, అందరి గొంతుల్లోనూ ఆగిపోయిన మాటని ఈయన ఒక్కడే పైకి అనేశాడు. ఆమె ఒళ్ళు భగ్గుమంది. కదిలింది. సగం దూరంలో పడింది. ఆయన లేవదియ్యలేదు, కమ్మీల కొసకి వెళ్ళి నిలబడ్డాడు. "లేస్తావా, చీపురు పెట్టి ఊడ్చి అవతల పారెయ్యమంటావా?" అన్నాడు. ఆమె ఏడుస్తూ లేచి, ముసలి నక్క అనీ, కసాయివాడనీ తనకి వచ్చిన తిట్లన్నీ తిడుతూ కొసదాకా నడిచి, ఆయన గుండెల మీద పిడికిలితో ఒక్కటిచ్చింది. మేస్త్రీ పడీ పడీ నవ్వాడు. గదిలో ఉన్న రోగులంతా నవ్వారు. చివరికి ఆమె కూడా నవ్వింది. కాలు పోయాక అదే మొదటి నవ్వు.

ఇదంతా ఒక మూల చక్రాల కుర్చీలో కూర్చుని ఫోనులో తీసినవాడు సున్నా. కరెంటు స్తంభాలెక్కే పని చేసేవాడు, ఆ కరెంటే రెండు కాళ్ళూ తీసుకుంది. తనకి సున్నా అని తనే పేరు పెట్టుకున్నాడు. మోకాలి కింద పోయినవాళ్ళు ముప్పావు, తొడ దగ్గర పోయినవాళ్ళు పావు. అలా ఆ పిల్ల ముప్పావు అయింది. మేస్త్రీ దగ్గర నడక నేర్చుకున్నవాళ్ళందరికీ ఫోనులో ఒక గ్రూపు ఉండేది. కొత్తగా ఎవరైనా నడిస్తే ఆ రోజు గ్రూపులో తిట్ల వాన కురిసేది. ఎంత నీచంగా తిడితే అంత ప్రేమ ఉన్నట్టు. పొరపాటున ఎవరైనా "పాపం" అని రాశారా, జరిమానా కింద ఒక పాట పాడి పంపాలి. బడి టీచరమ్మ గొంతు రేకు మీద గీరినట్టు ఉంటుందని, ఆవిడ చేత పాడించడానికే సున్నా నానా తంటాలు పడేవాడు. సున్నా తీసిన ఆ వీడియోని గ్రూపులో వాళ్ళు మనసు బాగోలేనప్పుడల్లా పెట్టుకుని చూసేవాళ్ళు. మేస్త్రీ రెండు కాళ్ళవాడు. ఆ గుంపులో రెండు కాళ్ళతో ఉండి, ఆ మాటలు అనే హక్కున్నవాడు ఆయనొక్కడే.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఫోనులో ఆ గ్రూపొక్కటే ఉండి ఉంటే ఇంకా బాగుండేది.

ముప్పావు నడక కుదిరాక వదినకి ఒక ఆలోచన వచ్చింది. వదినకి ఆలోచన వచ్చిందంటే అందులో ఎవరో ఒకరికి మూడిందన్నమాటే. మరదలు మేడ మీద ఆరేసిన బట్టల మధ్య పెట్టుడు కాలితో గిర్రున తిరుగుతుంటే వీడియో తీసి, వెనకాల సంగీతం పెట్టి, ఊరంతా చూసే చోట పెట్టింది. జనం విరగబడ్డారు. "మీరు మాకు ధైర్యం", "మీ నవ్వే మా వెలుగు" అంటూ కింద కుప్పలు తెప్పలుగా మాటలు. గ్రూపులో అయితే వాటిలో ప్రతిదానికీ ఒక పాట పాడాల్సి వచ్చేది. ముప్పావు మొదట్లో సిగ్గుపడింది. తర్వాత రుచి మరిగింది. పొద్దున లేవగానే ముందు ఆ మాటలు చదువుకుని, ఆ తర్వాతే కాలు తొడుక్కునేది.

అలా ఉండగా పెట్టుడు కాళ్ళు చేసే పెద్ద కంపెనీ ఒకటి ఆమెని చూసింది. వాళ్ళ కాలికి చీలమండ ఉంటుంది, అది మనిషి కాలులాగే వంగుతుంది, మెట్లెక్కుతుంది, పరుగెడుతుంది. అన్న జీవితకాలం సంపాదించినా కొనలేని కాలు. తమ ప్రకటనల్లో కనబడితే ఆ కాలు ఊరికే ఇస్తామన్నారు. "ఇంకొంచెం జనం మిమ్మల్ని చూడాలండీ, అప్పుడు సంతకాలు పెట్టుకుందాం" అంది కంపెనీ మేడమ్ ఫోనులో, తేనె పూసిన గొంతుతో. ఆ కాలు ఉంటే మళ్ళీ బట్టల షాపుకి వెళ్ళొచ్చు, పొద్దస్తమానం నిలబడొచ్చు. ముప్పావుకి కలలో కూడా ఆ చీలమండే కనబడేది.

ఆ వారంలోనే వదిన కొత్త వీడియో పెట్టింది. అందులో ముప్పావు డాన్సు చేసింది. సున్నా దాని లింకుని గ్రూపులోకి పంపాడు. మేస్త్రీ అరుగుడు చక్రం దగ్గర దుమ్ము చేతులతోనే ఫోను తీసి చూశాడు. ఆ పిల్ల ముందు మడమ ఆన్చకుండా వేళ్ళ వైపు బరువు వేస్తోంది. ఇలా పది రోజులు ఎగిరితే మొండికాలు పుండు పడుతుంది. ఆయనకి ఒళ్ళు మండింది. వీడియో కింద రాసే చోటు కనబడితే అక్కడే రాశాడు. గ్రూపు అంటే నలుగురు కూర్చున్న గది అనీ, ఇది నడిబజారు అనీ ఆయనకి తెలియదు. ఆయన లెక్కలో ముప్పావు ఎక్కడున్నా ముప్పావే.

"ఒసే కుంటిదానా, నడుం ఊపడం తర్వాత, ముందు మడమ ఆన్చి చావు. పడ్డావంటే ఆ ఉన్న కాలు కూడా నేనే కోసి అరలో పెడతా" అని రాశాడు. రాసి, ఫోను జేబులో పడేసి, పనిలో పడిపోయాడు.

ముప్పావు అది చదివి కడుపుబ్బ నవ్వింది. అది మొదటి సంగతి, దాన్ని మనం గుర్తుంచుకోవాలి. "చూడు వదినా, మేస్త్రీ నా మడమ పట్టేశాడు!" అంటూ వంటింట్లోకి పరుగున వెళ్ళి చూపించింది. వదిన కూడా నవ్వబోయి, కింద చూసి ఆగిపోయింది. అప్పటికే ఆ మాట కింద వంద మంది చేరారు.

"ఎవడు వీడు?" అన్నారు. "ఆడపిల్ల నడుం గురించి మాట్లాడుతున్నాడు చూశారా" అన్నారు. "కాలు కోస్తానని బెదిరిస్తున్నాడు, ఇలాంటి మృగాన్ని వదలకూడదు" అన్నారు. మృగాన్ని వదలకూడదన్నవాళ్ళు ఆయన్ని ఏమని తిట్టారో ఇక్కడ రాస్తే కాగితం కంపు కొడుతుంది. వాళ్ళ తిట్లు మాత్రం న్యాయం కోసమట, అందుకని అవి తిట్ల కింద లెక్క రావట. సాయంత్రానికి ఆయన ఏ ఆసుపత్రిలో పని చేస్తాడో కనిపెట్టారు, మొహం కనిపెట్టారు. వికలాంగుల మధ్య పని చేసే మనిషే ఇలా అంటాడా అని మరింత రెచ్చిపోయారు.

ముప్పావు ఫోను అందుకుంది. "ఆయన మా మేస్త్రీ, నాకు నడక నేర్పింది ఆయనే, మా మధ్య మాటలు ఇలాగే ఉంటాయి" అని రాసింది. ఇంకా పంపలేదు. సరిగ్గా అప్పుడే కంపెనీ మేడమ్ ఫోను చేసింది.

"మీరెలా ఉన్నారండీ? మీకోసం జనం ఎంత బాధపడుతున్నారో చూస్తున్నాం. మీరిప్పుడే ఏమీ మాట్లాడొద్దు. వాళ్ళని మాట్లాడనివ్వండి. ఈ వారం సంతకాలు పెట్టేసుకుందాం" అంది.

"కానీ ఆయన..." అంది ముప్పావు.

"మీ బాధ మాకు అర్థమైంది" అంది మేడమ్. అర్థమైంది అన్నవాళ్ళకి ఇక చెప్పడానికేముంటుంది.

వదిన మరదలి చేతిలోంచి ఫోను లాక్కుని రాసినదంతా చెరిపేసింది. "పిచ్చిమొహమా, ఇన్నాళ్ళకి అదృష్టం తలుపు కొడితే నువ్వు గడియ వేస్తావా? మీ మేస్త్రీకి ఏమవుతుందే? నాలుగు తిట్లు పడతాయి. ఆయన ఎంతమందిని తిట్టలేదు? ఆ కాలు వచ్చాక చెప్పు, తీరిగ్గా చెప్పు, దండేసి మరీ చెప్పు."

ముప్పావు ఏడ్చింది. ఏడ్చి, ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని ఏ పేరు పెట్టి పిలవాలో ఆమెకి బాగా తెలుసు. అందుకే ఆ పూట అద్దం ముందుకి వెళ్ళలేదు.

మర్నాడు సున్నా ఫోను చేశాడు. "ఏమే ముప్పావూ, చచ్చావా, బతికే ఉన్నావా? పెద్ద డాక్టరు ముసలాణ్ణి పిలిపించి గది తాళాలు అడిగాడట. ఒక్క ముక్క రాయవే తల్లీ. నీ మాటైతే నమ్ముతారు."

"రాస్తాను, రాస్తాను. కొంచెం ఆగండి" అంది. సున్నాని ఆమె అంతవరకూ ఎప్పుడూ "అండీ" అనలేదు. అతను ఫోను పెట్టేశాడు.

తర్వాత మేస్త్రీయే చేశాడు.  తిడతాడనుకుంది, తిడితే బాగుండుననుకుంది. ఆయన మాత్రం తప్పు చేసి పట్టుబడ్డ పిల్లాడిలా అడిగాడు.

"ఏమే, అది ఎలా చెరపాలో చెప్పవే. నాకు చేతకావడం లేదు. మా అల్లుడు ఫోను ఎత్తడం లేదు. నా కూతురు బయటికి వెళ్ళలేకపోతోందట."

చెరపడం చిటికెలో పని. ఆ మాట మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే చాలు. ముప్పావు నోరు తెరిచింది. ఎదురుగా వదిన కళ్ళురిమింది.

"ఇప్పుడు చెరిపితే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది మేస్త్రీ. ఉండనీ. నేను చూసుకుంటాను" అంది.

"అంతేనంటావా? సరే, నీకు తెలుసు కదా ఈ గొడవలు" అన్నాడాయన. నమ్మేశాడు. కాళ్ళు చేసే మనిషి, బరువు ఎక్కడ ఆన్చాలో తెలిసిన మనిషి, ఆమె మీద ఆన్చాడు.

సంతకాలు అయ్యాయి. చీలమండ ఉన్న కాలికి కొలతలు తీసుకున్నారు. ఇంటికి రాగానే ముప్పావు వదినకి చెప్పకుండా గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. ఇక ఎవరూ ఆపలేరు. ఆమెకి నిజంగానే గుండె నిండా ప్రేమ పొంగింది. ఆలస్యమైతేనేం, ఇప్పుడు చెప్పే తీరుకి ఊరంతా మేస్త్రీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి అనుకుంది. ఒట్టి మాటలెందుకు? సాక్ష్యమే ఉంది కదా. గ్రూపులో అందరూ ప్రాణంగా చూసుకునే ఆ వీడియో ఉంది కదా. అది చూస్తే రాయి కూడా కరుగుతుంది. ఆ గదిలో నడక నేర్చుకున్న ఎవరైనా అలాగే అనుకునేవాళ్ళు, అదే పొరపాటు చేసేవాళ్ళు.

వీడియో పెట్టి, పైన రాసింది. "నేను మొదటిసారి నడిచిన రోజు ఇది. ఈయనే నా మేస్త్రీ. ఈయన తిట్టకపోతే నేను ఈరోజు లేను. ఆయన మాటని తప్పుగా తీసుకోకండి."

జనం చూశారు. ఏం చూశారు? ఒక ముసలాడు ఒక ఆడపిల్ల మీద అరుస్తున్నాడు. ఆమె కుర్చీ అడుగుతోంది, ఇవ్వడం లేదు. ఆమె పడింది, లేవదియ్యడం లేదు, ఊడ్చి పారేస్తానంటున్నాడు. ఆమె ఏడుస్తోంది. చుట్టూ చేరినవాళ్ళు నవ్వుతున్నారు. నిజానికి పడేదాకా ఆమె వెనకాలే ఆయన చెయ్యి ఉంది, వీపుకి తగలకుండా, పడితే పట్టుకోడానికి అడుగడుక్కీ ఆమెతో పాటే కదులుతూ. పడ్డప్పుడు తల నేలకి కొట్టుకోకుండా ఆపింది ఆ చెయ్యే. సున్నా కూర్చున్న వైపు నుంచి అది కనబడదు. సున్నాకి అది కనబడాల్సిన అవసరం లేదు, ఉందని తెలుసు కాబట్టి. పిడికిలి గుద్దు, ఆ తర్వాతి నవ్వు చివర్లో ఉన్నాయి. అంతదాకా ఎవరు చూస్తారు? సగంలోనే కత్తిరించి, పడ్డ దగ్గర ఆపి, ఊరూరా తిప్పారు.

"చూశారా, ఎంత భయపెట్టాడో. పాపం, వాడినే వెనకేసుకొస్తోంది" అన్నారు. "హింసపడ్డవాళ్ళు ఇలాగే మాట్లాడతారు" అని మనసుల గురించి చదువుకున్న ఒకాయన గడ్డం నిమురుకుంటూ అరగంట వివరించాడు. ముప్పావు లేదు లేదని మళ్ళీ రాసింది. అంత గట్టిగా కాదంటోందంటే వెనకాల ఎవరో బెదిరిస్తున్నట్టే అన్నారు. గ్రూపులో మిగతావాళ్ళకి ఆత్రం ఆగలేదు. బడి టీచరమ్మ, బస్సు కండక్టరు, ఇంకా నలుగురు వచ్చి "ఆయన మమ్మల్నీ ఇలాగే తిట్టాడు, మేమంతా ఆయన వల్లే నడుస్తున్నాం" అని రాశారు. సాయంత్రానికి అది వార్త అయింది. ఆసుపత్రిలో మరో ఆరుగురు బాధితులు నోరు విప్పారట.

ముప్పావు చెప్పిన ప్రతి నిజమూ వెళ్ళి ఆయన మెడకే చుట్టుకుంది. ఆమె మౌనంగా ఉన్నప్పుడు ఆయన ఒక నోటిదురుసు ముసలాడు. నోరు విప్పాక రాక్షసుడయ్యాడు. కంపెనీ మేడమ్ మళ్ళీ ఫోను చేసి, "ఎంత ధైర్యంగా బయటపెట్టారండీ!" అని మెచ్చుకుంది. వీడియో తీసేస్తానంది ముప్పావు. "ఇప్పుడు తీసి ఏం లాభమండీ, అందరి దగ్గరా ఉంది" అంది మేడమ్. అది మాత్రం నిజమే చెప్పింది.

ఆసుపత్రివాళ్ళు మేస్త్రీని తీసెయ్యలేదు. తీసేస్తే ఆ జీతానికి కాళ్ళు చేసేవాడు దొరకడు. విచారణ పెట్టి ఆయన చేత క్షమాపణ చెప్పించారు, మర్యాదగా మాట్లాడటం నేర్పే తరగతులకి పంపారు. గదిలో అద్దం పైన కెమెరా బిగించారు. గ్రూపు మూసెయ్యమన్నారు, సున్నా మూసేశాడు.

కొత్త కాలు వచ్చింది. ఫొటోల్లో అద్భుతంగా ఉంది. చీలమండ వంగింది, మెట్లెక్కింది. పెద్ద పెద్ద బోర్డుల మీద ముప్పావు నవ్వింది. కానీ గిన్నె దగ్గర, మొండికాలు కూర్చునే చోట, ఒక పక్కన ఒరుసుకుంటోంది. కంపెనీ వాళ్ళకి చెబితే చూసి, "చాలా బాగా కుదిరిందండీ, అలవాటవుతుంది" అన్నారు. మళ్ళీ చెబితే మళ్ళీ అదే అన్నారు. చర్మం ఎర్రబడింది, కమిలింది, చివరికి పుండు పడింది. బట్టల షాపు మాట దేవుడెరుగు, వంటింటి దాకా నడవడం గగనమైపోయింది. చెయ్యి తిరిగినవాడు అరుగుడు చక్రం మీద కాసేపు పట్టి అరగదీస్తే పోయే దోషం అది. ఎవరి చెయ్యో ఆమెకి తెలుసు. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. నొప్పి ముందు మొహం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఒక రోజు వెళ్ళింది.

వరండాలో సున్నా ఎదురయ్యాడు. ఆమె ఆగింది. ఏదో ఒక తిట్టు పడుతుందని, పడాలని, తల వంచుకుని నిలబడింది. సున్నా ఆమె కాలి వంక చూశాడు, మొహం వంక చూశాడు.

"పాపం, కుంటుతున్నారే" అని, కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

గదిలో కమ్మీల మధ్య ఒక లారీ డ్రైవరు నిలబడి ఉన్నాడు, కుడి కాలు కొత్తది. మేస్త్రీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, "బాగుందండీ. మీకు వీలైనంతే వెయ్యండి. తొందరేం లేదండీ" అంటున్నాడు. డ్రైవరు రెండడుగులు వేసి, "నొప్పిగా ఉంది సార్, ఇక కూర్చుంటా" అన్నాడు. మేస్త్రీ వెళ్ళి కుర్చీ తెచ్చాడు. డ్రైవరు భార్య "మంచి మనిషండీ మీరు" అంటూ దణ్ణం పెట్టింది. ఆరు వారాలుగా వస్తున్నారట. రెండడుగుల దగ్గరే ఉన్నారు.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రీ ఆమెని చూశాడు. మనిషి సగమయ్యాడు. "రండమ్మా, కూర్చోండి" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే కాలు విప్పి చేతికిచ్చింది. ఆయన గిన్నె లోపల వేలు తిప్పి చూసి, ఎక్కడ ఒరుసుకుంటోందో పట్టుకున్నాడు. పెన్సిల్ అందుకోబోయి ఆగాడు. అద్దం పైనున్న కెమెరా వంక చూశాడు.

"కంపెనీ వాళ్ళ కాలమ్మా ఇది. నేను ముట్టుకుంటే మళ్ళీ ఏమొస్తుందో. వాళ్ళనే అడగండి."

"మేస్త్రీ, నన్ను తిట్టు" అంది ముప్పావు.  "నీ కూడు తిన్న కుక్కకున్న విశ్వాసం లేదు నాకు. కాలు కోసం నిన్ను అమ్మేశాను. చెరపడం తెలిసీ చెప్పలేదు. నీకు వచ్చిన తిట్లన్నీ తిట్టు. చెంప పగలగొట్టు. ఇలా అండీ గిండీ అని చంపకు."

మేస్త్రీ ఆమె వంక చూశాడు. కక్ష ఉంటే ఆ మొహంలో ఎక్కడో ఒక చోట కనబడేది. ఆమె వెతుక్కుంది. కక్ష ఉన్నా ఊపిరి పీల్చుకునేదే.

"మీ మీద కోపం లేదమ్మా. నిజం చెప్పాలంటే, విచారణలో ఆ వీడియో నాకు వేసి చూపించారు. పెద్ద తెర మీద. నేనెప్పుడూ అలా చూడలేదు. ఒక ఆడపిల్ల కింద పడి ఏడుస్తోంది. ఒక ముసలివాడు నిలబడి నానా మాటలూ అంటున్నాడు. చూడలేకపోయానమ్మా. ఇన్నేళ్ళూ ఎంతమందిని ఇలా చేశానో అనుకున్నాను. వాళ్ళు చెప్పింది నిజమేనేమో."

"కాదు మేస్త్రీ!" అంది ముప్పావు.

"మీరు చెప్పండి మరి. ఆ రోజు ఏం జరిగింది?"

ఆమె చెప్పబోయింది. ఆ రోజుని కళ్ళ ముందుకి తెచ్చుకోబోయింది. కోపం, కమ్మీలు, పిడికిలి, నవ్వు. ఏదీ రాలేదు. ఊరంతా తిప్పిన ఆ ముక్కే వచ్చింది, పడ్డ దగ్గర ఆగిపోయి, కింద కుప్పలుగా జనం మాటలతో. అందులో ఉన్న ఆడపిల్లని చూస్తే ఆమెకి జాలేసింది. అరుస్తున్న ముసలాణ్ణి చూస్తే భయమేసింది.

జవాబు కోసం మేస్త్రీ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆయనకి కావలసిన జవాబు ఈ లోకంలో ఆమె ఒక్కతే ఇవ్వగలదు. ఆమె తల వంచుకుంది.

ఆయన తలాడించాడు. కాలు ఆమె చేతికిచ్చి, వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాడు.

"జాగ్రత్తగా వెళ్ళండమ్మా" అన్నాడు.